అక్షరదోషము – శరణధర్మము





వీరశైవ సిద్ధాంతమున మానవదేహము లింగమునకు ఆలయము. ఇష్టలింగము కరస్థలమున పూజలందుకొనుచుండగా, ఆ లింగమే దేహమునందు ఆరు స్థానములలో ఆరు పేర్లతో నెలకొనియున్నదని షట్‌స్థలశాస్త్రము బోధించుచున్నది. ముక్కునందు ఆచారలింగము, నాలుకయందు గురులింగము, కంటియందు శివలింగము, చర్మమునందు జంగమలింగము, చెవియందు ప్రసాదలింగము, హృదయమునందు మహాలింగము. వీనిలో రెండు స్థానములు మాటతో ముడివడియున్నవి. మాట పుట్టు నాలుక గురులింగమునకు నెలవు. మాట చేరు చెవి ప్రసాదలింగమునకు నెలవు. కావున భక్తుడు వినవలసినది ప్రసాదము స్వీకరించునట్లు. పలుకవలసినది గురువు పలుకునట్లు.

ఇంత పవిత్రమైన ఈ వ్యవహారమున ఒక చిన్న సందర్భము తరచుగ మనస్తాపమునకు కారణమగుచున్నది. ఎదుటివాడు తప్పు పలికినపుడు, తప్పు వ్రాసినపుడు, చదువుకొన్నవాడు ఏమి చేయవలెను? “భక్తి” అనవలసినచోట “బక్తి” అన్న కూలివానిని, “శరణు” అనుటకు మారుగ “సరను” అని వ్రాసిన బాలికను, “లింగైక్యము” అనబోయి నోరు తడబడిన వృద్ధుని చూచి నవ్వవలెనా? దిద్దవలెనా? ఊరకుండవలెనా? చూచుటకిది అల్పమైన ప్రశ్న. కాని మఠములలోను, పెండ్లిపందిళ్లలోను, సొంత యిండ్లలోను ఎందరి నోళ్లు ఒక్క నవ్వుతో శాశ్వతముగ మూతపడినవో తలచినచో ఇది అల్పము కాదని బోధపడును.

బసవేశ్వరుడు 12వ శతాబ్దియందు కల్యాణపట్టణమున బిజ్జలుని కొలువులో భండారిగా నుండెను. రాజ్యపు లెక్కలు చూచిన ఆ మహానుభావునకు అక్షరపు విలువ తెలియకపోలేదు. అట్టివాడు కూడలసంగమదేవుని యెదుట నిలిచి, తనకు తాళము తెలియదనియు, గణముల లెక్క తెలియదనియు, ప్రేమ కలిగినట్లు పాడుటయే తెలియుననియు ఒక వచనమున నివేదించుకొనెను. మరియొక వచనమున, లోకము వంకరను దిద్దబూనువారిని నిలిపి, మున్ముందు తమ తనువును, తమ మనస్సును చక్కబరచుకొమ్మని హెచ్చరించెను. వేరొకచోట మాట యెట్లుండవలెనో లక్షణము చెప్పుచు, లింగము మెచ్చునట్లుండవలెననెను. ఈ మూడు వచనములను ఒక్కచోట చేర్చి మననము చేసినచో గురుని అభిప్రాయము తేటపడును. మాటకు మేలైన రూపము కలదు, దానిని సాధింపవలెను. అయినను ఆ సాధన మొదట తనయందు జరుగవలెను. మెచ్చవలసినది లింగము.

అనుభవమండపమున ఎవరెవరు కూర్చుండిరో తలపుడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలు ఏరి దాసోహము సలుపువాడు. లక్కమ్మ ఆయన ధర్మపత్ని. వీరు ఉచ్చారణపరీక్షకు నిలిచి లోనికి వచ్చినవారు కారు. ద్వారమువద్ద అట్టి పరీక్షయే యుండినచో వచనవాఙ్మయమున సగము పుట్టియే యుండదు. చేతిపని చేయువాడు తన అనుభవమును తన మాటలతో చెప్పుకొనగా, ప్రభుదేవుడంతటివాడు చెవియొగ్గి వినెను. అట్లు విన్నందువలననే ఆ మాటలు ఎనిమిది శతాబ్దులు దాటి నేటి యిండ్లకు చేరినవి.

ఇక దిద్దబూనువాని చదువు సంగతి. “బసవ” అను నామమునే గ్రహింపుడు. ఇది సంస్కృతమునందలి “వృషభ” శబ్దమునుండి పుట్టిన తద్భవము. ఆది యందెవడో “వృషభ” అని పలుకలేక నోటికి వచ్చినట్లు పలికియుండును. అప్పుడొక పండితుడు దండము చేతబట్టి ఆ పలుకును అచటనే అణచివేసియుండినచో లోకమునకు ఈ నామము దక్కదు. నేడు కోట్లమంది భక్తులు ఏ నామమును తలచి కన్నులు మూసుకొందురో, ఆ నామము ఒకనాటి పామరుని నాలుకపై రూపు మార్చుకొన్న మాట.

ఇది ఒక్క నామమునకు పట్టిన గతి కాదు. “యాత్ర” జాతర అయినది. “భక్తి” బత్తి అయినది. “విభూతి” వీబూది అయినది. “స్వామి” సామి అయినది. ఇవన్నియు నిఘంటువుల కెక్కిన మాటలే. ఏటేట జాతరకు పోవుచు, ఆ మాటను నిస్సంకోచముగ వాడుచు, పొరుగువాడు “సామీ” అని పిలిచినపుడు మూతి విరుచువాడు తన పాండిత్యమును తానే యెరుగనివాడు. ప్రతి తప్పును కాలాంతరమున ఒప్పగునని దీని యర్థము కాదు. తప్పని తోచిన ప్రతిదియు తప్పు కాదని మాత్రమే యర్థము.

పంచాక్షరి విషయముననే ఇట్టి వివాదము తరచుగ చెలరేగుచుండును. “ఓం నమః శివాయ” అని విసర్గతో వ్రాయవలెనని ఒకరు, “ఓం నమశ్శివాయ” అని వ్రాయవలెనని మరొకరు పట్టుబట్టుదురు. ఒకరి గోడవ్రాతను ఒకరు వెక్కిరింతురు. పాణిని అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయము, మూడవ పాదము, 36వ సూత్రము శ, ష, స లు పరమగునపుడు విసర్గము వికల్పముగ నిలుచునని చెప్పుచున్నది. నిలిచినచో నమః శివాయ. నిలువక మారినచో నమశ్శివాయ. రెండును సాధువులే. ఒక్క సూత్రము తెలియనందున ఇరువురు శివభక్తులు శివనామముపైననే కలహించుకొనిరి! ఎదుటివానిని దిద్దుటకు ముందు తన నిఘంటువును ఒకమారు తిరుగవేయుట దిద్దువాని మొదటి ధర్మము.

తెలుగున శివకవులకు గురుస్థానీయుడైన పాల్కురికి సోమనాథుడు సంస్కృతమున భాష్యము రచించిన పండితుడు. కన్నడమునను కవనము చెప్పినవాడు. ప్రౌఢమైన వృత్తములు వ్రాయుట ఆయనకు కష్టము కాదు. అయినను బసవని చరిత్రను నలుగురు కూడి పాడుకొనదగిన ద్విపదలో, జానుతెనుగున రచించెను. శివకవుల ప్రయోగములను కొన్నింటిని తరువాతి లాక్షణికులు ప్రమాణముగ స్వీకరింపలేదు. కాని ఆ కావ్యము భక్తుల నోట నిలిచినది.

ఆ బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు కలవు. వారిలో రుద్రపశుపతి యొకడు. పురాణము చెప్పుచుండగా శివుడు హాలాహలము మ్రింగెనను మాట ఆయన చెవిని బడినది. విన్నంతనే గుండె చెదరినది. విషము మ్రింగినవాడు బ్రతుకునా యని విలపించి, పరుగున పోయి నీటిలో దిగి, శివుడా విషమును ఉమిసివేయువరకు తాను వెడలిరానని, లేనిచో అచటనే ప్రాణము విడుతునని పట్టుబట్టెను. శివుడు ప్రత్యక్షమై ఎంత నచ్చజెప్పినను ఆ భక్తుని భయము తీరలేదు. తుదకు పరమేశ్వరుడాతనిని తన తొడపై కూర్చుండబెట్టుకొని, కంఠమును కన్నులార చూచుచుండుమని అనుగ్రహించెను.

వ్యాకరణదృష్టితో చూచినచో రుద్రపశుపతి చేసినది స్పష్టమైన పొరపాటు. “మ్రింగెను” అనునది భూతకాలక్రియ. ఎప్పుడో జరిగి ముగిసినదానిని ఆయన ఇప్పుడే జరుగుచున్నదిగ గ్రహించెను. ఒక శాబ్దికుడు పక్కన నుండినచో “ఓయీ! క్రియ చూడవా? కథ ఏనాడో గడచినది గదా!” అని ఒక్కమాటతో తేల్చివేసెడివాడు. ఆ మాట సత్యమే. కాని దానివలన ఆ భక్తుని కన్నీరు ఆగెడిది కాదు. సిగ్గుతో తల వంగెడిది. శివుడు ఆయనను పరిహసింపలేదు. పొరపాటును అట్లే విడిచిపెట్టనులేదు. సత్యము తానే కన్నులార చూడగలిగినచోట కూర్చుండబెట్టెను. దిద్దుటకు ఇంతకు మించిన మార్గము వేరొకటి లేదు. ముందు చెంతకు తీసికొనవలెను, పిదప చూపవలెను.

దీనికి విరుద్ధముగ నడచుకొన్నచో ఏమగునో ఒక దృష్టాంతము చెప్పుకొందురు. పల్లెనున్న అక్క పట్టణమున ఉద్యోగము చేయు తమ్మునికి తన చేతితో ఉత్తరము వ్రాసెను. ఆమె చదివినది రెండవ తరగతి. ఒత్తులు లేవు, దీర్ఘములు లేవు, ఎక్కడ మాట ముగిసినదో తెలియదు. “ఆరోగ్గెం జాగర్త” అని వ్రాసెను. అమ్మ పోయిన తరువాత తమ్ముడు ఇంటికి రాలేదని, జామచెట్టు కాసినదని, నీవు లేక ఎవరును కోయలేదని వ్రాసెను. తమ్ముడు ఎఱ్ఱసిరాతో తప్పులన్నియు గీచి, పక్కన ఒప్పులు వ్రాసి, నేర్చుకొనునను మంచితలంపుతోనే ఆ కాగితమును తిరుగ పంపెను. పిమ్మట పల్లెనుండి ఉత్తరములు వచ్చినవి. అవి బడిపిల్లవాని చేతివ్రాత. “అందరము క్షేమము. నీవు క్షేమమని తలచెదము.” అంతే. ఆ ఉత్తరములలో తప్పులు లేవు; అక్కయును లేదు.

తమ్ముడు దుష్టుడు కాడు. చెవికి వచ్చినదానిని ప్రసాదముగ గ్రహింపక, పరీక్షాపత్రముగ గ్రహించెను. ప్రసాదమున ఉప్పు తక్కువైనదని ఏ భక్తుడైనను పూజారికి తిరుగ పంపునా? కన్నులకద్దుకొని స్వీకరించును. నేడు ఉత్తరములు తగ్గి చేతిఫోనులలో సందేశములు నడచుచున్నవి. తల్లి పంపిన నాలుగు మాటలలో రెండు తప్పులున్నవని ఆమెకే తెలియజేయు కుమారుడు, అవి వ్రాయుటకు ఆమె వ్రేళ్లు ఎంతసేపు వెదకినవో ఎరుగడు.

సరిహద్దు ప్రాంతపు లింగాయత కుటుంబములలో ఇట్టిదే మరియొకటి కలదు. బీదరు, కలబురగి ప్రాంతములనుండి జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు ప్రాంతపు ఇండ్లకు కోడండ్రు వత్తురు. ఇంటిలో కన్నడము, వీధిలో తెలుగు. క్రొత్తకోడలు “పాలు” అనుటకు “హాలు” అని, “పువ్వు” అనుటకు “హూవు” అని నోరు జారినచో ఇల్లెల్ల నవ్వును. పూర్వకన్నడమున ఈ మాటలు పకారముతోనే యుండెడివి. కాలక్రమమున పకారము హకారమైనది. ఆమె చెంబులోనిదియు, అత్తగారి చెంబులోనిదియు ఒకే మాట.

ఇంకొకటి. కన్నడమున స్త్రీ వచ్చినదని చెప్పుటకు ఒక క్రియారూపము, పశువు వచ్చినదని చెప్పుటకు వేరొక రూపము. తెలుగున ఏకవచనమున రెండింటికి “వచ్చింది” అను ఒక్క రూపమే. ఆడపడుచును గూర్చి “వచ్చింది” అనుటకు ఆ కోడలి మనసొప్పక, వేరొక రూపమునకై తడవుకొని తప్పు పలుకవచ్చును. వినువారికి అది భాష రానితనముగ తోచును. లోన ఉన్నది గౌరవము. తప్పు ఎచటినుండి పుట్టినదో విచారింపక నవ్వువాడు, తన ఆడపడుచుకు దక్కిన గౌరవమును చూచి నవ్వుచున్నాడు.

అట్లయినచో ఎవరేమి పలికినను, ఎట్లు వ్రాసినను ఊరకుండుటయే ధర్మమా? కాదు. ఊరకుండుట కొన్నిచోట్ల దయ, కొన్నిచోట్ల ఉపేక్ష. విద్య కలవానికి దానిని పంచుట కాయకము. తెలిసియు చెప్పకుండుట ధాన్యము కొట్టున నుండగా పొరుగువానిని పస్తుంచుటవంటిది. బాలుడు వచనము తప్పుగ చదివినపుడు దిద్దని గురువు, ఆహ్వానపత్రికలో వధువు పేరు తప్పుగ పడినను చూచి ఊరకుండిన బంధువు, సమాధిరాతిపై పెద్దల పేరు తప్పుగ చెక్కుచుండగా పలుకని చదువరి, ముగ్గురును కర్తవ్యమును విడిచినవారే. పొలము పత్రమున ఒక్క అక్షరము తప్పినచో అన్నదమ్ములు కచ్చేరీల చుట్టు తిరుగవలసివచ్చును. అట్టిచోట మౌనము శరణధర్మము కాదు.

దిద్దుట యెట్లో నేర్వదలచినవారు ప్రాచీనగ్రంథములను పరిష్కరించిన పెద్దలను చూడవలెను. ఫ. గు. హళకట్టి మహాశయుడు (1880–1964) విజయపురమున న్యాయవాదిగా నుండి, ఇంటింటికి తిరిగి వచనముల తాటాకుప్రతులను సేకరించెను. 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. తెలుగున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు బసవపురాణమును పరిష్కరించిరి. తాటాకువ్రాతలో పదముల నడుమ ఎడముండదు. లేఖకుడు అలసినచోట అక్షరము జారును, పంక్తి తప్పును. పరిష్కర్త ఆ లేఖకుని దూషింపడు. ఆతడే లేకున్నచో గ్రంథమే లేదని ఎరుగును. రెండు మూడు ప్రతులు సరిచూచి, ఒప్పును పైన నిలిపి, సందేహమున్నచోట పాఠాంతరమును క్రింద చూపును. తన ఊహ తప్పు కావచ్చునని ఇట్లు వినయముగ ఒప్పుకొనును. ఇల్లాలి మాటను, పొరుగువాని వ్రాతను దిద్దువానికి కూడ ఈ వినయమే కావలెను.

దాసోహమున వడ్డించువానిని చూడుడు. పంక్తిలో కూర్చున్నవాని విస్తరివద్దకు తాను వంగును. ఎంత కావలెనో అడుగును. చాలునన్నచో ఆగును. నిలువున నుండి విసరినచో అన్నము విస్తరిలో పడదు. పడినను తినువాని గొంతు దిగదు. అక్షరదానమును అట్టిదే. దిద్దువాడు ముందు చెప్పినవాని భావము తనకు అందినదని తెలుపవలెను. పిదప ఏకాంతమున, ఒక్కమారు, ఒక్క తప్పునే చెప్పవలెను. పది తప్పులు ఒక్కమారు చూపినచో ఒక్కటియు నిలువదు. తప్పును ఎత్తి చూపకయే ఒప్పును తన సమాధానములో వాడి వినిపించుట ఇంకను మేలు. “నాకు పెసాదం పెట్టండి” అని పిల్లవాడడుగగా “ఇదిగో ప్రసాదము, తీసుకో నాయనా” అన్నచో చాలును. చెవి గల బిడ్డ నేర్చుకొనును; చేయి చాచిన బిడ్డ సిగ్గుపడడు.

కొన్ని వేళలలో మాత్రము తప్పు ఎంతటిదైనను చెవి దాటి నాలుకకు రాకూడదు. పూజలో కూర్చున్నవాని మంత్రమున, దుఃఖమున నున్నవాని మాటలో, పరామర్శకై వ్రాసిన లేఖలో, మనుమల యెదుట పెద్దలు పలికిన పలుకులో, ఇంటి ముంగిట నిలిచిన జంగముని ఆశీర్వచనములో తప్పులు వెదకుట అపచారము. వానికి తరువాత వేళ దొరకును. దొరకకున్నను నష్టము లేదు.

దిద్దుడుపడినవానికిని ఒక ధర్మము కలదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఇంటికి తెచ్చెను. లక్కమ్మ చూచి, ఇంత ఆశ ఈశునకు సమ్మతము కాదని చెప్పి, మిగిలినదానిని తెచ్చినచోటనే పోసిరమ్మనెను. మారయ్య కోపింపలేదు. భార్య చెప్పినదని చిన్నబుచ్చుకొనలేదు. మూట ఎత్తుకొని తిరిగి నడచెను. చెప్పినది మేలుకోరి యని ఎరిగినవానికి దిద్దుబాటు ప్రసాదమే. చూడుడు, ఆ ఇల్లాలు దిద్దినది భర్త పలుకును కాదు, మనస్సును. నాలుక తప్పు ఒక దీర్ఘముతో, ఒక ఒత్తుతో తీరిపోవును. ఎదుటివానిని చులకన చేయు మనస్సులోని తప్పును దిద్దుట కష్టతరము. ఒకరి నాలుక తప్పును దిద్దబోయి తన మనస్సున ఆ పెద్దతప్పును పెంచుకొనువాడు లాభముకంటె నష్టమునే గడించును.

కావున శరణులారా! శరణీమణులారా! మఠములలో వచనపఠనము జరుగునపుడు క్రొత్తగ చదువువానిని చివరివరకు ఆపకుండ చదువనిండు. తప్పు దొరలినను చెవియొగ్గి వినుడు. ముగిసిన పిదప బాగున్నదని చెప్పి, అదే వచనమును అందరును కలిసి ఒకమారు ఒప్పుగ చదువుడు. ఎవరి తప్పును ఎవరు దిద్దిరో తెలియకుండ అందరి నోళ్లును చక్కబడును. ఇంటిలో పెద్దల ఉత్తరములు, సందేశములు వచ్చినపుడు తప్పులు లెక్కింపక, అదే దినమున బదులు వ్రాయుడు. ఆ బదులులో అక్షరము శుద్ధముగ నుండనిండు. దానికంటె ముందు ఆప్యాయత నిండుగ నుండనిండు. చెవియందలి ప్రసాదలింగమునకును, నాలుకయందలి గురులింగమునకును ఇదియే నిత్యపూజ.